ఒంటిచుక్క, జంటచుక్క

మా వీధిలో పొట్టరొట్టె కొనేవాళ్ళు ముందు చుక్క చూసేవాళ్ళు, తర్వాతే రొట్టె వంక చూసేవాళ్ళు.

పొద్దున కాల్చిన రొట్టెకి నడిమధ్య ఒక చుక్క. మధ్యాహ్నం కాల్చినదానికి రెండు. సాయంత్రందానికి మూడు. పులిసిన పిండిలో కూర కూరి, అంచులు దగ్గరికి లాగి మూసి, పొయ్యిలోకి పోయే ముందు దబ్బనంతో పొడిచేదాన్ని. ఆ కన్నంలోంచి ఆవిరి పోతుంది, రొట్టె పొట్ట పగలదు. పనిలో పనిగా అది ఏ పూట రొట్టో కూడా తెలుస్తుంది. లోపల ఉండేవి ఉడికించిన దుంప, ఉల్లిపాయ, విరగ్గొట్టిన పాల ముద్ద. పూట దాటితే నమ్మడానికి లేదు, ఎండాకాలమైతే అసలే లేదు. మధ్యాహ్నం మూడు దాటాక ఒంటిచుక్క మిగిలిందంటే వెనక సందులో కుక్కలకి పోవాల్సిందే. ఈ లెక్క మా అత్తగారు పెట్టింది. ఆవిడకి చదువు లేదు, నాకూ లేదు, కొనేవాళ్ళలో సగం మందికి లేదు. చుక్క మాత్రం అందరికీ వచ్చు.

ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ రోజూ నాకు పరీక్ష పెట్టేది.

"నాలుగైంది, ఇంకా ఒంటిచుక్క పట్టుకుని కూర్చున్నావేంటక్కా? అది మీ ఆయనకి పెట్టు. నాకు జంటచుక్క ఇయ్యి."

"మా ఆయన నీకంటే ఘటికుడే. ముందు చుక్క చూస్తాడు, తర్వాతే నా మొహం చూస్తాడు."

పొయ్యి దగ్గర పొడుగు కర్ర పట్టుకుని నిలబడ్డ ఆయన నవ్వేవారు. ఆయన కాలుస్తారు, నేను కూరతాను. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి. పిల్లల్లేరు. ఆయనకి చక్కటి చేతిరాత ఉండేది. వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా పిండి కలిపే బల్ల దగ్గరికే వచ్చేవాళ్ళు. చేతులు తుడుచుకుని, కొంచెం వాలుగా, ముత్యాల్లా రాసిచ్చేవారు. ఆయన రాస్తుంటే పక్కన నిలబడి చూడ్డం నాకిష్టం. చదవడం రాకపోయినా చూడ్డానికి బావుండేది.

ఇది ఒక ఎండాకాలం సంగతి. ఆ ఎండాకాలంలో మా రొట్టె ఊరు దాటింది. చుక్క మాత్రం మా వీధి దాటలేదు.

*

ముందు పేపరాయన వచ్చాడు. భుజాన కెమెరా వేసుకుని, రెండు రొట్టెలు నిలబడే తిని, మూడోది చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"ఏరు దాటితే దీని పేరే ఎవరికీ తెలీదమ్మా. ఇంత రుచి పెట్టుకుని ఈ సందులో దాక్కున్నారేంటి?"

"దాక్కోలేదు బాబూ. పొద్దున ఐదింటి నుంచి తలుపులు తీసే ఉంటాయి."

ఆయన నవ్వి అన్నీ అడిగాడు. పిండి ఎంతసేపు పులియాలి, కట్టెలు ఏవి, పేరు ఎవరు పెట్టారు. చుక్కల గురించీ అడిగాడు. నేను చెప్పాను, ఏ పూటకి ఎన్ని, ఎందుకు, అంతా వివరంగా. రాసుకున్నాడు.

నాలుగు రోజులకి పేపర్లో అర పేజీ వచ్చింది. నా ఫోటో, పక్కన పగలగొట్టిన రొట్టె. మా ఆయన బల్ల మీద కూర్చుని రెండుసార్లు చదివి వినిపించారు. వీధంతా గుమ్మంలోనే ఉంది.

"చుక్కల మాట ఏదీ?" అన్నాను.

"అది లేదు."

"అంత వివరంగా చెప్పానే!"

"చోటు చాల్లేదేమోలే," అన్నారు.

మా మరిది ఆ పేపరు చేతిలో పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. ఆయన తమ్ముడే. బస్సు టికెట్లు అమ్మే కిటికీ దగ్గర పని. బస్సుల డ్రైవర్లందరూ వాడికి దోస్తులు. మనిషి చెడ్డవాడు కాదు. ఉన్నచోట కాలు నిలవదు, అంతే.

"అన్నయ్యా, ఎనిమిది గంటల దూరంలో అంత పెద్ద ఊరు. బస్టాండులోనే రోజుకి ఎన్ని వేల మంది దిగుతారో తెలుసా? పొద్దున బస్సెక్కిస్తే సాయంత్రానికి అక్కడుంటాయి. రొట్టె మనది, బస్సు వాళ్ళది, ఆకలి జనాలది. ఇంక మనకేంటి అడ్డం?"

"ఎనిమిది గంటలా?" అన్నాను నేను. "సాయంత్రానికి ఒంటిచుక్క ఎవరు తింటారురా?"

"అక్కడ ఎండ ఇంత ఉండదు వదినా. బస్సు దిగగానే ఎగబడి కొనేస్తారు. గంటలో అయిపోతాయి."

"మరి చుక్కల సంగతి వాళ్ళకెవరు చెబుతారు?"

"నేను చెప్తాగా. అన్నీ చెప్తా."

ఆయన వంక చూశాను. పొయ్యిలో బూడిద లాగుతున్నారు. అడ్డం చెప్పలేదు. ఆయన అడ్డం చెప్పకపోతే ఇంక అది సరేనన్నట్టే. మా ఇంట్లో అది మొదటి నుంచీ అంతే.

*

అట్టపెట్టెలు వచ్చాయి. మూత మీద నా బొమ్మ. ముక్కు కొంచెం వంకరగా వచ్చింది గానీ నేనే. బొమ్మ కింద పెద్ద అక్షరాలు, ఆ కింద చిన్నవి, పక్కన ఇంకా చిన్నవి.

"ఏం రాసుంది?" అని అడిగాను ఆయన్ని.

ఒక పెట్టె చేతిలోకి తీసుకుని చూశారు. కొంచెం ఎక్కువసేపే చూశారు.

"మన పేరు," అన్నారు. "రొట్టె పేరు. బావుంటుందని రాశాడు."

"ఇన్ని అక్షరాలూ బావుంటుందనేనా?"

"వాడి సంగతి తెలీదా నీకు," అని పెట్టె కింద పెట్టేశారు.

మొదటి వారం యాభై రొట్టెలు. రెండో వారం రెండొందలు. తర్వాత లెక్క నా చేతుల్లో లేదు. తెల్లవారుజామున మూడింటికి లేచినా ఏడు గంటల బస్సు అందుకోవడం గగనమయ్యేది. కూర చేసి, బల్ల మీద పరిచి, చేత్తో ముట్టుకుంటే చల్లగా తగిలేదాకా ఆగాలి. అప్పుడు కూరాలి. ఇది చుక్క కంటే ముందు నేర్చుకున్న పాఠం. వేడి కూర కూరితే లోపలే చెమటపడుతుంది, రొట్టె బయటికి బావున్నట్టు కనబడుతూనే లోపల పాడవుతుంది.

ఆ ఎండాకాలం మూడో వారం నుంచి నేను చల్లారనివ్వలేదు. ఎవరూ నన్ను అలా చెయ్యమనలేదు. బయట మరిది "వదినా, బస్సు హారన్ కొడుతున్నాడు!" అని కేకలేస్తుంటే నా చేతులే ఆగలేదు. వేళ్ళు కాలుతుండగా కూరాను, మూశాను, దబ్బనం పొడిచాను. కాలిన రొట్టె వేడిగానే పెట్టెలోకి వెళ్ళింది. మూత మీద నా బొమ్మే నన్ను చూస్తూ ఉండేది.

బట్టలు కుట్టే ఆవిడ ఒకరోజు గుమ్మంలో నిలబడి చూసింది.

"పొగలు కక్కుతుంటే మూసేస్తున్నావేంటక్కా?"

"బస్సుకి టైమైపోతోందే."

"మాకూ ఇలాంటివే పెడుతున్నావా?"

"మీకు మధ్యాహ్నందేగా. అది చల్లార్చే కూరతాను."

ఆవిడ చేతిలో చిల్లర కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మా దగ్గర కొనడం మానేసింది. ఆవిడకి కోపం వచ్చిందనుకున్నాను. పెద్దదాన్నయ్యానని కుళ్ళుకుంటోందని కూడా అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

*

ఆ ఏడు ఎండ మామూలు ఎండ కాదు. మధ్యాహ్నం పూట వీధిలో కుక్క కూడా కనబడేది కాదు. ఆరో వారంలో ఒకరోజు బస్సు డ్రైవరు నాలుగు పెట్టెలు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. ఎప్పుడూ లోపలికొచ్చి మంచినీళ్ళు తాగి, ఒక జోకు వేసి వెళ్ళే మనిషి, ఆ రోజు గుమ్మం దాటలేదు.

"ఇవి తీసుకోనన్నారు. ఇక పంపొద్దన్నారు. అక్కడ... బాలేదమ్మా. చాలామంది ఆస్పత్రిలో ఉన్నారు. వాంతులు, జ్వరం. ఒకావిడ పోయింది."

"మా రొట్టె తినా?"

డ్రైవరు నా వంక చూడలేదు, మా ఆయన వంక చూశాడు. ఆయన చేతిలో కర్ర గోడకి ఆనించి, అలాగే పొయ్యి ముందు కూర్చుండిపోయారు. నిప్పులు మొహానికి కొడుతున్నా జరగలేదు.

మర్నాడు పొద్దున పదింటికి ఒక మనిషి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయేమో. ఒక కాలు కొంచెం ఈడుస్తున్నాడు. చంకలో గుడ్డ మూట. బల్ల దగ్గర నిలబడి, "పెట్టె మీద బొమ్మ మీరేనా అమ్మా?" అన్నాడు.

"నేనే."

"బస్టాండులో మీ రొట్టెలు అమ్మేది నేనేనమ్మా."

కూర్చోమన్నాను. కూర్చున్నాడు. తిడతాడని, కొడతాడని చూస్తున్నాను. ఆ మనిషి మూట విప్పి, అందులోంచి మా పెట్టె ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"మిగిలినవి ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి. పారేయడం ఎందుకని. మా ఆవిడకి ఇష్టం. మొన్న రెండు తింది. నేనొకటి తిన్నాను. నేను లేచాను, అది లేవలేదు."

ఆయన పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నా వెనక నిలబడ్డారు.

"పిల్లలా?" అన్నాను ఎలాగో.

"ఒక పాప. ఆరేళ్ళు. దానికి ఉల్లిపాయ పడదమ్మా, చిన్నప్పటి నుంచీ. నోట్లో పెట్టదు. అందుకని బతికింది." మూట గుడ్డ మడుస్తూ, "పక్కింట్లో వదిలొచ్చాను. ఒంటిగంట బస్సుకి మళ్ళీ వెళ్ళిపోవాలి," అన్నాడు.

అప్పుడు వచ్చిన పని చెప్పాడు. ఆ ఊళ్ళో ఆరోగ్యం ఆఫీసు వాళ్ళు ఈ మనిషినే పట్టుకున్నారు. రొట్టె మంచిదే, నువ్వే ఎండలో పెట్టి చెడగొట్టి అమ్మావంటున్నారు. రేపు పదకొండింటికి పిలిచారు. ఆ తర్వాత పోలీసులకి అప్పగిస్తారు.

"నేను తప్పు చెయ్యలేదమ్మా. పెట్టె మీద మూడు రోజులని ఉంది. నేను రెండో రోజు దాటి ఎప్పుడూ ఉంచలేదు."

"మూడు రోజులా?" అన్నాను. "ఎక్కడుంది?"

పెట్టె నా వైపు తిప్పి, నా బొమ్మ కింద చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. "ఇదిగో. 'మూడు రోజులు నిలవ ఉంటుంది.' ఇదే కదా."

ఆ అక్షరాల మీద చెయ్యి వేసి వేసి, ఆరు వారాలు ఆ పెట్టెలు మూశాను. వెనక్కి తిరిగి ఆయన మొహంలోకి చూశాను. ఆయన పెట్టె వంకే చూస్తున్నారు.

ఆ మనిషి పెట్టె తెరిచాడు. లోపల ఒక రొట్టె ముక్క, ఎండిపోయి, అంచు పచ్చబడి. నడిమధ్య ఒక చుక్క.

"ఈ చుక్క ఏంటమ్మా? అన్నిటికీ ఇలాగే ఉంది. ఆఫీసులో అడిగితే నాకు తెలీదన్నాను. మేమైతే ఇవి అందానికనుకున్నాం."

"నీకు ఎవరూ చెప్పలేదా?"

"ఎవరు చెబుతారమ్మా? బస్సులో పెట్టెలొస్తాయి, దింపుకుంటాను. అంతే."

చెప్పాను. ఒంటిచుక్క అంటే ఏంటో, జంటచుక్క అంటే ఏంటో, మూడైతే ఏంటో. మా వీధిలో చంటిపిల్లలకి కూడా తెలిసినది. ఆ మనిషి వింటూ వింటూ ఆ ముక్క మీద చుక్కని గోటితో తాకాడు.

"ఇది రాసియ్యండమ్మా," అన్నాడు చివరికి. "మీ మాటగా. చుక్కకి అర్థం ఉందని, అది మాకు చెప్పలేదని, పెట్టె మీద రాసింది తప్పని. అది చాలు. ఆ పాపకి ఇంకెవరూ లేరు."

"రాసిస్తాం," అన్నాను. "నాకు రాయడం రాదు. మా ఆయన రాస్తారు."

"మీ చేతికిస్తే చెల్లదు," అన్నారు ఆయన. "మేమే తెచ్చి ఆఫీసులో ఇస్తాం. రేపు పదకొండింటికి అక్కడుంటాం."

ఆ మనిషి లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. పిండి అంటుతుందని ఆయన వెనక్కి లాక్కోబోయారు. అతను వదల్లేదు.

*

మధ్యాహ్నం మరిది వచ్చాడు. విషయం విని తల పట్టుకున్నాడు.

"వదినా, నువ్వు చెప్పింది రాసిస్తే మన కొంప మనమే ముంచుకున్నట్టు. పొయ్యి ఆర్పేసి అన్నయ్యని తీసుకుపోతారు. నన్నూ తీసుకుపోతారు. అతనెవరో మనకి తెలీదు కూడా."

"వాళ్ళావిడ పోయిందిరా."

"మనం చంపామా?"

"నేను వేడి కూర కూరాను. అదీ రాయమంటాను."

వాడు నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. తర్వాత అన్నదమ్ములిద్దరూ వెనక సందులోకి వెళ్ళారు. అరగంట మాట్లాడుకున్నారు. మరిది గొంతు వినబడుతూనే ఉంది, ఆయన గొంతు ఒక్కసారి కూడా వినబడలేదు. తిరిగొచ్చాక మరిది ఏమీ అనలేదు. సంచిలోంచి తెల్లకాగితాలు, నకలు దిగేలా మధ్యలో పెట్టే నల్లకాగితం తీసి బల్ల మీద పెట్టాడు. అంత వాదించినవాడు ఎందుకు సర్దుకున్నాడా అని నాకు అనిపించకపోలేదు. అన్నగారు చెబితే ఆగిపోయాడనుకున్నాను.

ఆయన చేతులు రెండుసార్లు కడుక్కున్నారు.

"చెప్పు. రాస్తాను."

చెప్పాను. మొదటి నుంచీ చెప్పాను. మా అత్తగారు పెట్టిన లెక్క, పేపరాయన, పెట్టెలు, చల్లారని కూర, ఆ మూడు రోజుల మాట ఎవరు రాశారో నాకు తెలీదని, అది అబద్ధమని, అమ్మినాయనకి ఏ పాపం తెలీదని. చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఆయన తల వంచుకుని రాశారు. ఎప్పటిలాగే వాలుగా, ముత్యాల్లా.

తర్వాత చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే, ఒక్క మాట పోకుండా.

కాగితం వంక చూస్తే ఏడెనిమిది వరసలే ఉన్నాయి.

"నేను ఇంత చెప్పాను. ఇంతలోనే పట్టిందా?"

"నా రాత చిన్నది," అన్నారు.

అక్షరాలంటే అంతేనేమో అనుకున్నాను. పిడికెడు పిండిలో దోసెడు కూర నేను కూరడం లేదూ, ఆయనా అలాగే కూరి పెట్టారేమో. మరిది సిరా పెట్టె తెరిచాడు. ఆయన నా బొటనవేలు పట్టుకుని కాగితం మీద ఆనించారు. ఆయన చెయ్యి చల్లగా ఉంది. పొయ్యి దగ్గర బతికిన మనిషి చెయ్యి అంత చల్లగా ఉండటం నేను అదే చూడ్డం.

అన్నదమ్ములిద్దరూ సాయంత్రం బస్సుకి వెళ్ళి, మర్నాడు రాత్రికి తిరిగొచ్చారు.

"ఇచ్చారా?"

"ఇచ్చాను."

"ఆ బస్టాండాయన్ని?"

ఆయన చెప్పులు విప్పుతున్నారు. ఒక చెప్పు విప్పి, రెండోది విప్పి, రెండూ గోడ పక్కన సరిగ్గా పెట్టారు.

"వదిలేశారు," అన్నారు.

ఆ రాత్రి నేను కడుపునిండా తిన్నాను. ఆయన నీళ్ళు తాగి పడుకున్నారు.

*

దూరం పంపడం ఆగిపోయింది. పెట్టెలు పొయ్యిలోకే పోయాయి. ఎండలు తగ్గేసరికి వీధి నెమ్మదిగా వెనక్కి వచ్చింది. బట్టలు కుట్టే ఆవిడ కూడా ఒకరోజు వచ్చి, కూర మీద చెయ్యి పెట్టి చూసి, జంటచుక్క తీసుకెళ్ళింది. మేం నిలబడ్డాం. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. ఇల్లు పోతుందని తెలిసీ నిజం రాసిచ్చిన మనిషి అనుకున్నాను.

ఒకరోజు నేను దబ్బనం తీస్తుంటే, "ఇక చుక్కలు వద్దు," అన్నారు.

"మరి ఆవిరి?"

"కత్తితో గీటు పెట్టు."

"పూట ఎలా తెలుస్తుంది?"

ఆయన కట్టెల వైపు తిరిగారు. నేను మానలేదు. అప్పటినుంచి రొట్టెలు పొయ్యిలో పెట్టేటప్పుడు ఆయన కర్ర చివర పలక మీదున్న రొట్టె వంక చూసేవారు కాదు. చూడకుండానే తోసేవారు. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ మాడని రొట్టెలు మాడటం మొదలైంది.

ఆ బస్టాండాయనకి ఏదైనా పంపుదామని రెండుసార్లు అడిగాను. "ఆ ఊరొదిలి వెళ్ళిపోయాడట," అన్నారు. పాప గురించి అడిగితే లేచి బయటికి వెళ్ళారు.

తొమ్మిదేళ్ళు అలా గడిచాక ఆయన గుండె ఆగి పోయారు. మంచాన ఉన్న వారం రోజుల్లో ఒకే మాట పదిసార్లు అన్నారు. "ఆ రేకు పెట్టె పొయ్యిలో వెయ్యి." జ్వరంలో మాట అనుకున్నాను. ఆయన పోయాక తెరిచి చూస్తే కాగితాలు. అన్నిటి మీదా ఆయన రాతే. ఎలా తగలబెట్టను? ఆయనది నాకు మిగిలింది అదొక్కటే.

అవి చదువుకోవాలని బళ్ళో చేరాను. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి అక్షరాలు చెప్పే బడి. యాభై ఆరేళ్ళకి. పంతులమ్మ నా కూతురైతే ఎంత ఉండేదో అంత ఉంటుంది. "చేతిలో దబ్బనం లేదు పెద్దమ్మా, పెన్సిల్, కొంచెం నెమ్మది," అని నవ్వేది. రెండేళ్ళు పట్టింది. అచ్చు అక్షరాలు ముందు వచ్చాయి. ఆయన వాలు రాత పట్టుబడటానికి ఇంకా ఆర్నెల్లు.

రోజుకో కాగితం తీసేదాన్ని. పిండి కొట్టుకి రాసిన చీటీలు. ఎవరికో రాసిచ్చిన అర్జీల నకళ్ళు. ఒక్కో మాటా పలికి, ఆయన గొంతు విన్నట్టే మురిసిపోయేదాన్ని. అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం. కింద గుండ్రటి ఆఫీసు ముద్ర, పక్కన నా వేలిముద్ర నకలు.

వేలు పెట్టి చదివాను.

"మా రొట్టె మూడు రోజులు నిలవ ఉండునది. కూర చల్లార్చియే కూరెదము. రొట్టె మీది చుక్కలు అందమునకు పెట్టినవి, వాటికి వేరే అర్థము లేదు. అమ్మినవాడు సరుకును ఎండలో ఉంచుట వలననే చెడినది. మా ఇంటి మీద అబద్ధము చెప్పుమని అతడు నన్ను బతిమాలినాడు. ఇది నాకు చదివి వినిపించగా విని, అర్థము చేసుకుని, నా ఇష్టపూర్తిగా వేలిముద్ర వేసినాను."

మొదటిసారి తప్పు చదివాననుకున్నాను. కొత్తగా నేర్చుకున్నదాన్ని కదా. మళ్ళీ చదివాను. ఏడు వరసలు. ఒక్క అక్షరం కూడా చెరగలేదు. ముత్యాల్లా ఉన్నాయి.

*

నెల రోజులు కూర్చుని ఇంకో కాగితం రాశాను. ఆ రోజు చెప్పింది చెప్పినట్టు. ఈసారి నిజంగానే నాలుగు పేజీలు పట్టింది. కింద సంతకం పెట్టి, బస్సెక్కాను. ఎనిమిది గంటలు.

బస్టాండులో నాలుగు కొట్లలో పొట్టరొట్టెలు ఉన్నాయి. ఇప్పుడు వాటి పేరు తెలియని ఊరు లేదట. ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో చేస్తారు. గలగలలాడే కాగితం చుట్టి ఉంది. ప్రతి రొట్టెకీ నడిమధ్య మూడు చుక్కలు, మెషిన్‌తో గుద్దినట్టు, అన్నీ ఒక్క తీరుగా.

చివరి కొట్లో పద్దెనిమిదేళ్ళ పిల్ల ఉంది.

"ఈ చుక్కలేంటమ్మా?" అని అడిగాను.

"అవి ఉంటేనే అసలుది పెద్దమ్మా. లేకపోతే డూప్లికేట్. అందానికి కూడా బావుంటాయి. ఒకటివ్వనా?"

"బావుంటుందా?"

"అందరూ బావుంటుందనే అంటారు. నేను తినను. ఉల్లిపాయ పడదు నాకు."

కొట్టు ముందు బల్ల మీద కూలబడ్డాను. ఆ పిల్ల కంగారుగా మంచినీళ్ళిచ్చింది. తాగి, "మీ నాన్న?" అన్నాను.

"మూడేళ్ళయింది పోయి. మీకు తెలుసా?"

"వదిలేశారన్నారు..."

"రెండేళ్ళు ఉంచారు లోపల. వచ్చాక కోలుకోలేదు." ఆ పిల్ల నా మొహంలోకి అప్పుడు సరిగ్గా చూసింది. "మీరు... పెట్టె మీద..."

కాగితం తీసిచ్చాను. నేను నెల రోజులు రాసింది ఆ పిల్ల నిలబడే రెండు నిమిషాల్లో చదివేసింది. చదివినంతసేపూ ఆ మొహంలో ఏ మార్పూ లేదు.

"నాన్న చివరిదాకా అనేవాడు," అంది. "ఆవిడ రాయిస్తానంది, ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు, ఆఫీసులో చదివింది ఆవిడ మాట కాదు, అసలు కాగితం దారిలో ఎక్కడో తప్పిపోయి ఉంటుందని. నేనూ, పక్కింటివాళ్ళూ నవ్వేవాళ్ళం."

కాగితం మడతల మీదే మళ్ళీ మడిచింది. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఇటూ అటూ చూసి, చిల్లర డబ్బా కింద పెట్టింది.

"ఇప్పుడు ఇది ఎవరికివ్వాలి పెద్దమ్మా?"

నాకు తెలీదు. అదే చెప్పాను.

బస్సు ఒకటి వచ్చి ఆగింది. జనం దిగారు. ఎవరో కొట్టు మీద చెయ్యేసి, "రెండు పొట్టరొట్టెలియ్యమ్మా, త్వరగా," అన్నాడు. ఆ పిల్ల రెండు తీసింది. ఒకదాన్ని తిప్పి చుక్కల వంక చూసింది. చెయ్యి గాల్లోనే కాసేపు ఆగింది.

తర్వాత రెండూ ఇచ్చేసింది.